కలిపి వేసిన పోగులు

జింకల మీద నాకు మొదట్నుంచీ జాలి లేదు. క్యాలెండర్ల మీద వాటి కళ్ళు చూసి కరిగిపోయేవాళ్ళు ఇక్కడ అమెరికాలో, మా ఆష్‌బర్న్‌లో ఒక్క వేసవి కూరగాయలు పెంచి చూడాలి. విత్తనం తెప్పించి, మట్టి మార్చి, రెండు పూటలా నీళ్ళు పోసి పెంచిన నా గోంగూర మడిని తెల్లారేసరికి మొదళ్ళ దాకా కొరికి పారేశాయి. కంచె వేస్తే దూకాయి. ఎవరో చెప్పారని సబ్బుముక్కలు వేలాడదీస్తే ఆ సబ్బు పక్కనే నిలబడి బీరపాదు తిన్నాయి. మా ఆయన శాకాహారి, చీమని చూసినా పక్కకి తప్పుకునే మనిషి. "పోనీలే, పాపం, అవి మాత్రం ఎక్కడికి పోతాయి" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను వేటకి వెళ్ళడానికి మూలం ఆ గోంగూరే, ఇంకే గొప్ప కారణమూ లేదు. ఆఫీసులో టీ తాగుతూ ఈ గోడు వెళ్ళబోసుకుంటుంటే, మా టీమ్‌లోనే పనిచేసే ఒక పెద్దాయన "లైసెన్స్ తీస్కో చెల్లె, మాతోని రా" అన్నాడు. వరంగల్ వైపు మనిషి. మాలో ఎవరికీ తుపాకీ పట్టుకోవడం కూడా తెలియని రోజుల్నుంచే ఆయన వేటాడుతున్నాడు. అందరం ఆయన్ని అన్నా అనే పిలుస్తాం. ఆయనతో మా వీధి చివర టౌన్‌హోమ్‌లో ఉండే రాజమండ్రి కుర్రాడొకడు వెళ్ళేవాడు. అతన్ని నేను తమ్ముడూ అంటాను. గ్రీన్ కార్డ్ చేతికొచ్చిన ఏడాదే నేను వేట కోర్సు చేసి, పరీక్ష రాసి, రైఫిల్ కొన్నాను. అలా ముగ్గురం ఒక జట్టు అయ్యాం.

మేం వెళ్ళేది పడమటి కొండల్లోకి. కారు ఆపిన చోటినుంచి ఇంకా చాలా దూరం నడవాలి, ఫోన్ సిగ్నల్ ఉండదు. అక్కడ జింకలు ఎంత పెరిగిపోయాయంటే అడవిలో చిన్న మొక్క కనపడదు. మోకాలెత్తున్నదల్లా తినేశాయి. పెద్ద చెట్లు, వాటి కింద ఒట్టి ఆకులు, రాళ్ళు. వాటిని తినే తోడేళ్ళు ఎప్పుడో పోయాయి కాబట్టి ఆ పని మాలాంటి శనాదివారపు వేటగాళ్ళే చెయ్యాలని ప్రభుత్వం లెక్క. ముఖ్యంగా ఆడజింకల్ని కొట్టమంటారు, సంతతి తగ్గాలంటే అదొక్కటే దారి. స్థానికులకి కొమ్ములున్న మగజింక కావాలి, గోడకి తగిలించుకోవడానికి. మేం మాత్రం ఆడవాటికే వెళ్ళేవాళ్ళం. "కొమ్ములు కూరొండుకుంటమా" అనేవాడు అన్న.

ఆడజింకలకి ఎక్కువ అనుమతులు ఇవ్వడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ కొండల్లో జింకలకి మెదడు జబ్బు ఒకటి పాకుతోంది. మంద పలచబడితే జబ్బు మెల్లగా పాకుతుందని ఆశ. అందుకే అక్కడ కొట్టిన ప్రతి జింక తలనీ కోసి, దారిలో ఉన్న ఫైర్ స్టేషన్ పక్క ఫ్రీజర్‌లో పెట్టి రావాలి. దాన్ని పరీక్ష చేసి కొన్ని వారాల తర్వాత చెప్తారు. అందాకా మాంసం తినొద్దంటారు. వెన్నెముకా తలా ఆ ప్రాంతం దాటించకూడదు, ఎముక తీసేసిన మాంసమే తెచ్చుకోవాలి. తలలు ఫ్రీజర్‌లో పెట్టినప్పుడల్లా అన్న మెదడు వేపుడు తలుచుకుని "బేజా ఫ్రై పాయె" అని నిట్టూర్చేవాడు.

ఆ ఏడు నవంబర్‌లో ముగ్గురికీ తలా ఒక జింక దొరికింది. నాది అన్నిటికన్నా పెద్దది. ఎండిన వాగు అవతల నిలబడి చెవులు ఆడిస్తోంది. ఒక్క గుండుకే పడింది. దగ్గరికెళ్ళి చూస్తే నిగనిగలాడే చర్మం, వీపంతా కొవ్వు. జబ్బుదని అనుకోవడానికి దానిలో ఏమీ లేదు. పొట్ట కోసేటప్పుడు నా చేతులు వెచ్చగా ఉన్నాయి, మోచేతుల పైన మాత్రం చలికి కొయ్యబారిపోయాయి. ఆ పని నాకెప్పుడూ ఇష్టం లేదు, అలాగని మానెయ్యలేదు. ఎముకలు తీసి, మాంసం సంచుల్లో వేసుకుని, వీపున మోసుకుంటూ దిగాం. 

మాంసం పంచుకునే దగ్గర మాకో పద్ధతి ఉంది. దాన్ని అన్న పెట్టాడు. వాళ్ళ ఊళ్ళో నలుగురు కలిసి యాటను, అంటే మేకనో పొట్టేలునో, కోసుకుంటే పోగులు వేస్తారు. కార్జం, తొడ, పక్క, మెత్తటిది, గట్టిది, అన్నీ కొంచెం కొంచెంగా ప్రతి పోగులోకీ రావాలి. ఎవరికీ ఎక్కువ తక్కువ ఉండకూడదు. పోగులు వేశాక ఒకరు వెనక్కి తిరిగి నిలబడతారు, ఇంకొకరు ఒక పోగు మీద చెయ్యి పెట్టి "ఇదెవరికి" అంటారు, తిరిగి ఉన్నవాళ్ళు పేరు చెప్తారు. తగువు ఉండదు. అమెరికా వాళ్ళకి ఈ గొడవ లేదు, ఎవరు కొట్టింది వాళ్ళు పట్టుకుపోతారు. మాకది మొరటుగా అనిపించేది. ఒకడికి లేతది దొరికి ఇంకొకడికి ముదురుది దొరికితే ఎలా, ఒకడికి అసలేమీ దొరక్కపోతే వాడి ఇంట్లోవాళ్ళు పస్తుండాలా అనేవాడు అన్న. నాకూ అదే న్యాయం అనిపించేది. ఇప్పటికీ అదే న్యాయం అనిపిస్తుంది, అదే నా కడుపుమంట.

ఆ సాయంత్రం అన్న గరాజ్‌లో టార్పాలిన్ పరిచి మూడు జింకల మాంసమూ కుమ్మరించాం. "అన్నా, రిపోర్టులు వచ్చేదాకా దేనికది విడిగా ఫ్రిజ్‌లో పెడదామా" అన్నాను నేను.

"ఏటేటా ఇదే మాట అంటవ్. ఏటేటా నెగటివే వస్తది" అన్నాడు అన్న, కత్తి నూరుకుంటూ.

"అక్క టెస్టింగ్ టీమ్ కదండీ, బగ్ దొరికేదాకా నిద్ర పట్టదు" అన్నాడు తమ్ముడు. ముగ్గురం నవ్వుకున్నాం. అంతే, పోగులు పడిపోయాయి.

తమ్ముడి భార్యకి అప్పుడు ఐదో నెల. తొలి చూలు, ఏదీ లోపల నిలవడం లేదు. నన్ను అక్కా అంటుంది, ఆ అమ్మాయంటే నాకు సొంత చెల్లెలికన్నా ఎక్కువ ముద్దు. పోగులు వేయడం అయ్యాక అన్న ప్రతి పోగులోంచీ కొంచెం కొంచెం కార్జం తీసి వాళ్ళ పోగులో వేశాడు. "ఒట్టి మనిషి కాదు, ఇంత ఎక్కువ పోవాలె. ఇది మా అమ్మ పెట్టిన లెక్క" అన్నాడు. అందరికీ సంతోషమైంది. తీసి ఇచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ అమ్మాయి కార్జం వేపుడు చేసుకుంది. మిగిలింది చిన్న ముక్కలు కోసి, నూనెలో వేయించి, అల్లం వెల్లుల్లి దట్టించి పచ్చడి పెట్టింది. వేడి అన్నంలో ఆ పచ్చడి కలుపుకుంటే తప్ప ముద్ద దిగడం లేదని ఫోన్‌లో చెప్పింది. "అక్కా, నెలల తర్వాత కడుపునిండా తిన్నాను. మీ జింకలు చల్లగా ఉండాలి" అంది. చల్లగా ఎక్కడున్నాయమ్మా, నీ పొయ్యి మీదే ఉన్నాయి అని నేను నవ్వాను.

డిసెంబర్‌లో ఒక పనిరోజు మధ్యాహ్నం, మీటింగ్‌లో ఉండగా ఫోన్ మోగింది. వేట శాఖ నుంచి ఒకావిడ. నేనిచ్చిన తలలో ఆ జబ్బు ఉందని చెప్పింది. గొంతులో కంగారు లేదు, రోజూ చెప్పే మాటే అయ్యుంటుంది. మాంసం ఉంటే రెండు సంచుల్లో మూట కట్టి చెత్తలో వేసెయ్యమంది. తిన్నామని చెప్పాను. ఇంతవరకు మనుషులకి సోకిన దాఖలా లేదని, అయినా తినకపోవడమే మంచిదని అంటారని చెప్పింది. ఉడికిస్తే చావదా అని అడిగాను. చావదు అంది.  మిగతా రెండు తలలూ బాగానే ఉన్నాయట. దానివల్ల ఏం లాభం, మూడూ కలిపి పోగులు వేశాం. అమెరికా వాళ్ళ మొరటు పద్ధతి పాటించి ఉంటే నా జింక నా ఇంట్లో ఉండేది. నేనొక్కదాన్నే తినేదాన్ని.

వెంటనే అన్నకి చెప్పాను.  "మనుషులకి రాదంటున్నరు కద" అన్నాడు ఆయన.

"రాలేదు అంటున్నారు అన్నా. రాదు అనడం లేదు."

"ఆ పిల్లకి మాత్రం చెప్పకు. తిన్నది తినె. ఇప్పుడు చెప్పి ఏం చేస్తవ్, కక్కిస్తవా? ఊరుకున్నంత ఉత్తమం లేదు."

అన్న చెప్పగానే తమ్ముడు ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.  "అక్కా, మీకు దణ్ణం పెడతాను. దానికి బీపీ పెరుగుతోందండి. స్ట్రెస్ పెట్టొద్దని డాక్టర్ గట్టిగా చెప్పింది. డెలివరీ అయ్యాక నేనే చెప్తాను. పచ్చడి నేను పారేస్తా, దానికి తెలీకుండా" అన్నాడు.

నా నోట్లో నువ్వుగింజ నానదని ఇద్దరికీ భయం. ఆ భయంలో న్యాయముంది. కానీ బీపీ మాట విన్నాక నేను కూడా మెత్తబడ్డాను. తినడం ఆగిపోతే చాలు, మిగతాది బిడ్డ పుట్టాక చూసుకోవచ్చు అని సరేనన్నాను. నా పోగులో మిగిలింది రెండు సంచుల్లో కట్టి చెత్తలో వేశాను. మా ఆయన సంచీ పట్టుకున్నాడు, ఒక్క మాట అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేది, అరిచి ఉండేదాన్ని.

మొగుడు చెప్పే అబద్ధం ఎన్నాళ్ళు నిలుస్తుంది. పచ్చడి బూజు పట్టిందని పారేశానన్నాడట. కొన్ని రోజులకి ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసింది. "నూనె ములిగేలా పెట్టిన పచ్చడి బూజెలా పడుతుందక్కా? ఈయనకి వంటా తెలీదు, వాసనా తెలీదు. మీ పోగులో ఏమైనా మిగిలిందా? మళ్ళీ పెట్టుకుంటాను."

అయిపోయిందమ్మా అన్నాను.

"పోనీలెండి. ఆఫీసులో ఒక చిన్న సీసా దాచుకున్నాను, ఈయనకి చెప్పకండి. రోజూ లంచ్‌లో ఇంత వేసుకుంటున్నా. అదుంది కాబట్టి బతికాను" అని నవ్వింది.

ఫోన్ పెట్టేశాను. ముగ్గురం పెద్దమనుషులం కూర్చుని ఆమెకి ఏది మంచిదో నిర్ణయించేశాం, ఆమె మాత్రం రోజూ తింటూనే ఉంది. అన్నకి ఫోన్ చేస్తే మళ్ళీ ఊరుకోమంటాడు. తమ్ముడికి చేస్తే ఆఫీసుకెళ్ళి సీసా దొంగతనం చేస్తాడు, ఇంకో అబద్ధం చెప్తాడు. నాకు విసుగొచ్చింది, కోపమొచ్చింది, వాళ్ళ మీదా నా మీదా. కారు తాళాలు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

ఆ రోజు ఆమె ఇంటినుంచే పనిచేస్తోంది. ల్యాప్‌టాప్ పక్కన పెట్టి నాకు మంచినీళ్ళు తెచ్చింది. కూర్చోమని, తను కూర్చున్నాక చెప్పాను. నా జింకకి జబ్బుందని, మాంసం అంతా కలిసిపోయిందని, ఆఫీసులో సీసా ముట్టుకోవద్దని. ఆమె ఏడవలేదు. చెయ్యి పొట్ట మీద పెట్టుకుంది, అంతే.

"ఆ జబ్బొస్తే ఏమవుతుందక్కా?"

"జింకలకే వస్తుందమ్మా. మనుషులకి ఇంతవరకు..."

"జింకలకే చెప్పండి."

చెప్పాను. అబద్ధమాడటానికి వెళ్ళలేదు కదా. ఏళ్ళ తరబడి పైకేమీ కనపడదని, తర్వాత బక్కచిక్కిపోతాయని, కాళ్ళు తడబడి పడిపోతుంటాయని, మందు లేదని. తల్లి కడుపులో పిల్లకి అంటుతుందా అని అడిగింది. తెలియదన్నాను. ఎప్పటికి తెలుస్తుంది అని అడిగింది. అదీ తెలియదన్నాను.

"ఇది ఎవరెవరికి తెలుసు?"

ముగ్గురికీ తెలుసన్నాను. ఎప్పట్నుంచి అని అడిగితే అదీ చెప్పాను.  "పోగులో నాకు ఎక్కువ వేశారు. విషయం మాత్రం ముగ్గురే పంచుకున్నారు" అంది. ఆ మాట మెల్లగానే అంది, కానీ చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఆ వారంలోనే ఆమె బీపీ పెరిగిపోయి ఆస్పత్రిలో పడింది. అప్పటినుంచి పురుడు దాకా ఆస్పత్రికీ ఇంటికీ తిరగడమే సరిపోయింది. చివరికి నెలలు నిండకుండానే కోసి బిడ్డను తీశారు. బాబు. ఇంక్యుబేటర్‌లో ఉన్నాడని విని నేను వెళ్తే తమ్ముడు కారిడార్‌లో అడ్డం నిలబడ్డాడు. "మీ నోటికి దణ్ణమండి. తృప్తయిందా" అన్నాడు. అప్పట్నుంచి నాతో మాట్లాడడు. అన్న మాట్లాడతాడు గానీ పని మాటలే. ఆయన వేట మానేశాడు, రైఫిల్ అమ్మేశాడు. ఒకసారి కాఫీ దగ్గర "మంచికి పోతే చెడెదురైంది చెల్లె" అన్నాడు. తన మంచితనం గురించో నా మంచితనం గురించో నేను అడగలేదు.

నేను మానలేదు. ఈ ఏడు కూడా ఆ కొండల్లో ఆడజింకలకి ఎక్కువ అనుమతులిచ్చారు, జబ్బు ఇంకా పాకిందని. ఒక్కదాన్నే వెళ్తున్నాను. కొట్టినదాన్ని కోసి, తల పరీక్షకిచ్చి, మాంసం విడిగా సంచిలో కట్టి, ఇంట్లో ఫ్రీజర్‌లో పెట్టి, కబురు కోసం కాచుకుంటాను. బాగుందని తేలినా నా దగ్గర ఎవరూ తీసుకోరు. నాకూ నోటికి పోదు. అయినా వెళ్తాను. ఎందుకు వెళ్తున్నావని మా ఆయన అడిగాడు. వాటిని తగ్గించకపోతే ఇంకొకరి ఇంటికి ఇదే వస్తుంది కాబట్టి అన్నాను. అది సగం నిజం. మిగతా సగం నాకూ తెలియదు.

ఆ అమ్మాయి మాత్రం నన్ను వదల్లేదు. మొగుడికి ఇష్టం లేకపోయినా బాబుని తీసుకుని శనివారాలు మా ఇంటికి వస్తుంది. ఒకసారి నేనే అడిగాను, నా మీద కోపం లేదా అని. "ఉందక్కా. కానీ నాకు నిజం చెప్పింది మీరొక్కరే" అంది.

బాబు ఇప్పుడు నడుస్తున్నాడు. బొద్దుగా ఉంటాడు, చలాకీ, మా ఆయన వెనకాలే వంటింట్లో తిరుగుతూ గిన్నెలు లాగుతాడు. డాక్టర్లు అంతా బాగుందనే అంటారు. మొన్న శనివారం హాల్లో పరుగెత్తబోయి కార్పెట్ అంచు దగ్గర తూలి పడ్డాడు. ఏడవలేదు, లేచాడు, మళ్ళీ పడ్డాడు. మా ఆయన వెళ్ళి ఎత్తుకున్నాడు. ఆమె వాడివైపు చూడలేదు. చేతిలో కప్పు అలాగే పట్టుకుని నావైపు చూసింది.

"అక్కా, ఈ వయసులో పిల్లలు పడతారు కదా?"

"పడతారమ్మా. అందరూ పడతారు."

తల ఊపి కాఫీ తాగింది. ఈ ప్రశ్న వాళ్ళాయన్ని అడగదు, డాక్టర్‌ని కూడా అడగదు. వచ్చిన ప్రతి శనివారమూ నన్నే అడుగుతుంది, నేను నిజమే చెప్తానని.